పదికి పది వచ్చిన బడి, పదో తరగతికి వెళ్లే అమ్మాయి

ప్రశ్న: పదకొండేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. మావారికి డాలస్ దగ్గర లాస్ కొలీనస్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది, ఆగస్టు లోపల అక్కడికి మారాలి. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి రెండో తరగతి పూర్తి చేస్తున్నారు. అత్తగారు మాతోనే ఉంటారు. మేము ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉన్నాము. ఇక్కడి టౌన్‌హౌస్ అమ్మేసి ఆ డబ్బుతో వెంటనే ప్రాస్పర్‌లో గానీ సెలైనాలో గానీ కొత్త ఇల్లు కొనాలని, అక్కడి బడులకు పదికి తొమ్మిది, పది రేటింగు ఉందని మావారి పట్టుదల. కాపెల్ వైపో ఫ్రిస్కోలోనో కొంతకాలం అద్దెకు ఉండి చూద్దామని నేనంటున్నాను. అమ్మాయి మాత్రం రానే రానని, నెల రోజులుగా మాతో సరిగా మాట్లాడటం లేదు. ఏ స్కూల్ డిస్ట్రిక్టు మంచిదో దయచేసి చెప్పండి. మా అక్కావాళ్లు ప్రాస్పర్‌లోనే ఉంటారు, వాళ్లమ్మాయి కూడా ఇప్పుడు తొమ్మిదో తరగతే.
— ఒక తల్లి, ఎడిసన్

సమాధానం: అడగవలసింది అడిగేసి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చెప్పినట్టుగా, అక్కగారి అమ్మాయి సంగతి చివర ఒక్క వాక్యంలో చేర్చారు. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ఆ వాక్యం దగ్గరే. దాని గురించి తరువాత మాట్లాడతాను. ముందు మీరు అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పాలి, ఎందుకంటే మీ ఇద్దరి వాదనలోనూ కొన్ని విషయాలు సరిగా తెలియకపోవడం వల్ల మాట పెరుగుతున్నట్టు కనిపిస్తోంది.

మీవారు పట్టుకున్న రేటింగు సంగతి చూద్దాం. ఇళ్లు అమ్మే వెబ్‌సైట్లలో ఇంటి ఫొటో కింద కనిపించే ఆ అంకెలో ప్రధాన భాగం పిల్లల పరీక్ష మార్కుల నుంచి వస్తుంది. ఆ మార్కులకు తల్లిదండ్రుల చదువుతోనూ రాబడితోనూ గట్టి సంబంధం ఉంటుందన్నది కొత్త సంగతి కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇంజనీర్లయిన ఇంట్లో పెరిగి, సాయంత్రం లెక్కల ట్యూషనుకు వెళ్లి, సెలవుల్లో కూడా పై తరగతి పుస్తకం తిరగేసే పిల్లలే ఎక్కువమంది చేరిన బడికి పదికి పది వస్తే, అందులో బడి వాటా ఎంతో ఇంటి వాటా ఎంతో ఆ అంకె విడదీసి చెప్పదు. టెక్సాస్ ప్రభుత్వం ఏ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడ్లలో, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారో చూసే విభాగం విడిగా ఉంటుంది కాబట్టి అవి కొంత నయం. మీ అబ్బాయి బడికి ఆ విభాగం చూస్తే చాలు. నిజం చెప్పాలంటే, మీరు లెక్కలోకి తీసుకుంటున్న నాలుగైదు ఊళ్ల మధ్య ఉన్న తేడా మూడో తరగతికి వెళ్లే పిల్లవాడి జీవితంలో పెద్దగా కనిపించదు. వాడికి పక్క వాకిట్లో సైకిలు తొక్కే మరో పిల్లవాడు దొరకడం రేటింగులో ఒక అంకె పెరగడం కన్నా ముఖ్యం.

డాలస్ చుట్టుపక్కల ఊరి సరిహద్దూ, ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టు సరిహద్దూ ఒకటి కావన్న సంగతి ఎడిసన్ నుంచి వెళ్లేవారికి చప్పున తట్టదు. మీకు అక్కడ ఊరంతా ఒకే డిస్ట్రిక్టు. ఫ్రిస్కో నగరంలో అయితే ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ అనే నాలుగు డిస్ట్రిక్టుల భాగాలున్నాయి. ఫ్రిస్కో డిస్ట్రిక్టేమో ప్లేనో, మెకిన్నీ నగరాల్లోకి కూడా వెళుతుంది. చిరునామా ఇర్వింగ్ నగరానిదే అయినా వ్యాలీ రాంచ్ పేట పిల్లలు చాలామంది కాపెల్ డిస్ట్రిక్టు బడులకు వెళతారు, లాస్ కొలీనస్‌లో కొన్ని వీధులు క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ డిస్ట్రిక్టులోకి వస్తాయి. అందుచేత ఊరి పేరు చూసి, చివరికి ఏజెంటు మాట విని కూడా, సంతకం పెట్టకండి. డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఆ ఇంటి నంబరు కొట్టి, ప్రైమరీ, మిడిల్, హైస్కూలు మూడూ ఏవి వస్తాయో మీ కళ్లతో చూసుకోండి. ఇంకో మాట కూడా ఉంది. ఈ రోజు చూపించిన బడే మూడేళ్ల తరువాత కూడా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రాస్పర్, సెలైనా వైపు ఇళ్లు లేచిన కొద్దీ కొత్త బడులు తెరుస్తూ హద్దులు మారుస్తూ ఉంటారు. పాత ఊళ్లలో దీనికి తిరగబడిన కథ నడుస్తోంది: పిల్లలు తగ్గిపోయి ప్లేనో డిస్ట్రిక్టు 2025లో నాలుగు బడులు మూసింది, ఒకప్పుడు ఏటా కొత్త బడి తెరిచిన ఫ్రిస్కో కూడా ఆ ఏడాదే ఒక మిడిల్ స్కూలు మూసింది. ఒక ఫలానా బడి కోసమే ముప్పయ్యేళ్ల అప్పు తలకెత్తుకోవడం నాకు తెలివైన పనిగా తోచకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం డబ్బు, వీసా. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న సంతోషంలో ఇంటి పన్ను సంగతి మరిచిపోతుంటారు. అది ఇంటి విలువలో ఏటా రెండు శాతం దాకా ఉండటం మామూలే, కొత్త కమ్యూనిటీల్లో నీళ్లు, రోడ్ల కోసం వేసే మడ్, పిడ్ అనే అదనపు పన్నులు కలిస్తే ఇంకా పైకి వెళుతుంది. పైగా కొత్తగా కట్టిన ఇంటికి మొదటి ఏడాది పన్ను చాలాసార్లు ఖాళీ స్థలం మీదే పడుతుంది, రెండో ఏడాది పూర్తి ఇంటి మీద పడేసరికి నెల కిస్తీ ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. ఇది తెలియక రెండో ఏడాది బ్యాంకు వాళ్లతో పోట్లాడిన కుటుంబాలు తక్కువేమీ లేవు. ఇక మీవారిది కొత్త ఉద్యోగం, కొత్త యజమాని. హెచ్-1బి మీద ఉన్న మనిషి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా దొరికే గడువు అరవై రోజులు. అలా జరుగుతుందని నేను అనడం లేదు, జరగకూడదనే కోరుకుంటున్నాను. కానీ ఆ ఉద్యోగంలో ఆయన కాళ్లు నిలదొక్కుకునే మొదటి ఏడాది మీ డబ్బు గోడల్లో ఇరుక్కోకుండా చేతిలో ఉంటే ఇంట్లో అందరికీ కంటినిండా నిద్ర పడుతుంది. అద్దె ఒప్పందం చూపించినా డిస్ట్రిక్టు బడిలో పిల్లల్ని చేర్చుకుంటారు, దానికి సొంత ఇల్లే అక్కర్లేదు. సెలైనా నుంచి లాస్ కొలీనస్‌కు సుమారు నలభై మైళ్లు; ఉదయం రద్దీలో పోను గంటకు పైనే, రాను మళ్లీ అంతే. పిల్లల చదువు కోసమే అంత దూరం వెళుతున్నానని ఆయన అనవచ్చు, కానీ అమ్మాయి మనసు విప్పి మాట్లాడే సమయం ఏదైనా ఉంటే అది రాత్రి భోజనాల వేళ, ఆ వేళకు ఆయన టోల్‌వే మీద ఉంటారు.

అన్నిటికన్నా ముందు ఆలోచించవలసింది అమ్మాయి గురించి, మీ వాదనలో ఎక్కడా వినిపించనిది కూడా ఆమె మాటే. పదో తరగతిలో బడి మారడమంటే స్నేహితులను వదులుకోవడం ఒక్కటే కాదు. టెక్సాస్‌లో కాలేజీ ప్రవేశాలకు తరగతిలో ర్యాంకు చాలా లెక్కలోకి వస్తుంది. 1997లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ప్రతి హైస్కూలులోనూ పై పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు వస్తుంది. ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయానికి మాత్రం ఆ హద్దు తగ్గుతూ వచ్చి, 2026లో చేరేవారి నుంచి అయిదు శాతమయింది. తరగతికి అయిదువందల మంది ఉన్న బడిలో అంటే పాతికమంది. రేటింగు పదికి పది ఉన్న బడిలో ఆ పాతికమందిలో ఒకరు కావడానికి ఆరో తరగతి నుంచే సిద్ధమవుతున్న పిల్లలు వందమందికి తక్కువ ఉండరు. మీవారు మంచిదని ఎంచుకుంటున్న బడి ఈ లెక్కలో మీ అమ్మాయికి అందరికన్నా కష్టమైన బడి కావచ్చు. ఎడిసన్‌లో ఆమె తీసుకున్న ఆనర్స్ తరగతుల మార్కులను కొత్త డిస్ట్రిక్టు తన ర్యాంకు లెక్కలోకి ఎలా మార్చుకుంటుందో, టెక్సాస్ పట్టాకు కావలసిన ఆల్జీబ్రా, బయాలజీ, ఇంగ్లీషు పరీక్షల్లో ఏవి రాయనక్కరలేదో, ఇల్లు చూడబోయే ముందు ఆ రెండు మూడు హైస్కూళ్ల కౌన్సిలర్లకు ఉత్తరం రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆమె పాఠ్యాంశాల పట్టిక వెంట పంపండి. ఆమె ఆర్కెస్ట్రాలోనో బ్యాండులోనో ఉంటే ఆ టీచరుకు కూడా ఈ వారంలోనే రాయాలి, వచ్చే ఏడాదికి ఎంపికలు అక్కడ చాలావరకు వసంతంలోనే ముగుస్తాయి. తొందర ఎందుకంటే, న్యూజెర్సీలో బడి జూన్ చివర ముగిస్తే డాలస్ చుట్టుపక్కల ఆగస్టు రెండో వారానికల్లా తెరిచేస్తారు; మీ చేతిలో ఉన్నది ఏడు వారాలు మాత్రమే.

ఈ ఉత్తరాలు అమ్మాయి చేతే రాయించండి. ఆమెకు ఊరు మారాలా వద్దా అన్న ఎంపిక లేదు, ఆ మాట దాచకుండా చెప్పండి. ఏ బడి అన్న ఎంపికలో మాత్రం ఆమెకు నిజమైన ఓటు ఉండాలి. మీరిద్దరూ ఒప్పుకోగల రెండు బడులు ఆమె ముందు పెట్టి, వీలైతే ఒక వారాంతం తండ్రీ కూతుళ్లిద్దరినే పంపి చూసి రమ్మనండి. మీరు వెళ్లకండి. అక్కడా స్నేహితులు దొరుకుతారులే అన్న ఓదార్పు ఈ వయసులో పుండు మీద కారం, దానికి బదులు ఎడిసన్ స్నేహితురాళ్లను శీతాకాలపు సెలవుల్లో కలవడానికి టిక్కెట్టు ఇప్పుడే కొని చేతికివ్వండి. అక్కడ పదహారేళ్లకే డ్రైవింగ్ లైసెన్సు వస్తుందన్న సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా ఊళ్లకు డాలస్ ప్రాంతంలో తిరిగే డార్ట్ రైలు లేదు, కాబట్టి అంతదాకా ప్రతి చోటికీ మీరే దింపాలని మీకు తెలిసి ఉండాలి. నెల రోజుల మౌనం కోపమే అయితే అది తగ్గుతుంది. నిద్ర, తిండి తప్పుతున్నా, ఇష్టమైన పనులు కూడా మానేస్తున్నా, బతకడం మీదే విరక్తిగా మాట్లాడుతున్నా ఇల్లు మారేదాకా ఆగకుండా ఇప్పుడే ఆమె డాక్టరుకు చూపించండి.

అత్తగారిని కూడా ఒక్కమాట అడగండి. కారు నడపని పెద్దావిడకు సగం ఇళ్లు ఇంకా కడుతున్న కమ్యూనిటీలో పగలంతా ఇసుక లారీల చప్పుడే తోడు. వ్యాలీ రాంచ్, లాస్ కొలీనస్ వైపు అపార్టుమెంట్లలో సాయంత్రం నడకకు వచ్చే మన పెద్దవాళ్లు కనిపిస్తారు. ఆవిడ సౌకర్యం ఒక్కటే చూసి ఇల్లు నిర్ణయించమని కాదు, కానీ అసలు ఎవరూ అడగనే లేదని నా అనుమానం.

మీవారితో మాట్లాడేటప్పుడు రేటింగు తప్పని వాదించకండి. పదకొండేళ్లు టౌన్‌హౌస్‌లో ఉండి, పిల్లలకు పెద్ద ఇల్లు, మంచి బడి ఇవ్వాలనుకుంటున్న తండ్రికి ఆ వాదన తన ప్రేమనే తప్పుపట్టినట్టు వినిపిస్తుంది. కొనొద్దని అనకుండా, ఎప్పుడు కొనాలో మాట్లాడండి: ఒక ఏడాది అద్దె, వచ్చే మార్చిలో మళ్లీ కూర్చుని నిర్ణయం, అప్పటికి ప్రాస్పరే నచ్చితే మీరు అడ్డు చెప్పరని ముందే మాట. ఆ మాట మీరు నిలబెట్టుకోవాలి సుమా. నన్నడిగితే ఆ ఏడాదికి కాపెల్ డిస్ట్రిక్టులోకి వచ్చే వ్యాలీ రాంచ్ వైపు అద్దె ఇల్లు మీ కుటుంబానికి సరిపోతుంది. ఆయన ఆఫీసు దగ్గర, అత్తగారికి మనుషులు, అబ్బాయికి ఏ లోటూ లేదు. అమ్మాయి చూసి వచ్చాక వేరే మాట చెబితే దాన్నీ వినండి. కాపెల్‌లోనూ పోటీ తక్కువేమీ కాదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ చివరి వాక్యం. మీ అమ్మాయీ అక్కగారి అమ్మాయీ ఒకే ఊళ్లో, బహుశా ఒకే బడిలో, ఒకే తరగతిలో చదవడం, ప్రతి పండక్కీ ప్రతి పుట్టినరోజుకీ రెండు మార్కుల పట్టికలు ఒకే బల్ల మీదికి రావడం మీకు ఇష్టం లేదు. అక్కగారి దగ్గరకు వెళ్లడం ఇష్టం లేదని చెప్పడం తప్పుగా తోచి, ఆ అయిష్టాన్ని అద్దె ఇల్లు, కాపెల్ అనే మాటల్లో చెబుతున్నారు. అందుకే మీవారికి మీ వాదన అర్థం కావడం లేదు. ఆయన దృష్టిలో మీ సొంత అక్క పక్కన మీకు ఇల్లు చూడటం మీకు చేస్తున్న ఉపకారమే అయి ఉండవచ్చు. బహుశా మీ అమ్మాయి కూడా మీకన్నా ముందే ఈ సంగతి పసిగట్టి ఉంటుంది. పిల్లలను పోల్చి మాట్లాడే చోట ఉండటం మీకు ఇష్టం లేకపోవడంలో తప్పేమీ లేదు, చిన్నప్పుడు మీ ఇద్దరినీ కూడా ఎవరో ఒకరు అలాగే పోల్చి ఉంటే మరీనూ. ఈ మాట ముందు మీవారికి సూటిగా చెప్పండి. వాలీబాల్‌కో వయొలిన్‌కో వెళుతూ కారులో పక్కన కూర్చున్నప్పుడు అమ్మాయికీ చెప్పండి, ఎదురెదురుగా కూర్చుని చెప్పే మాట కాదిది.

తరువాత అక్కగారికి ఫోన్ చేసి, ఈ ఏడాది ఆఫీసుకు దగ్గరగా అద్దెకు ఉంటున్నామని, ఆదివారాలు కలుసుకుందామని చెప్పండి. ఆమె నొచ్చుకోవచ్చు, మీ కోసం ఇళ్లు కూడా చూసి పెట్టి ఉంటారు. ఆ ఫోన్ మీరే చేయండి, మీవారి చేత చేయించవద్దు. అడ్వాన్సు కట్టకముందే చేయండి.