ఆకుపచ్చ పుటలను నమ్మకండి

"పైసా తీసుకోకుండా పాత పుస్తకాలను అచ్చుదిద్దుతున్నవారి పనిలో తప్పులెంచడం న్యాయమేనా?" అని ఒకరు నన్ను అడిగారు. న్యాయమే. పర్లాకిమిడిలో ఉంటూ ఒక డిజిటల్ గ్రంథాలయానికి ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడిగా ఇంకో మాట కూడా అంటాను: అజాగ్రత్తగా దిద్దిన పుటకంటే అసలు దిద్దని పుటే నయం. పాత పుస్తకం పుటల ఫొటోలను యంత్రం చదివి అక్షరాలుగా మారుస్తుంది; వాటిని మూలంతో పోల్చి మేము దిద్దుతాం. దిద్దని పుట ఆ గ్రంథాలయంలో ఎర్రరంగులో ఉంటుంది కనుక చదివేవారు అనుమానంతోనే చదువుతారు. ఒకరు దిద్దితే అది పసుపు అవుతుంది, వేరొకరు సరిచూసి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. ఆకుపచ్చ అయిన పుటను మళ్ళీ మూలంతో పోల్చి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

కిందటి వేసవిలో మా పెద్దమ్మ ఒక పాత గృహవైద్య గ్రంథంలోని లేహ్యం చేయబోతూ, ఫోనులో చూసి దినుసులు చదవమన్నది. పుట ఆకుపచ్చలోనే ఉంది. "పది ఫలముల కరక్కాయ పెచ్చులు, అరవీశె బెల్లము" అని చదివాను. "పది కాయలకి అరవీశె బెల్లమేట్రా, పానకం కలుపుతన్నామా?" అన్నది. మూలం తెరిచి చూస్తే అక్కడున్నది "పది పలముల". పలం అంటే 3 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు 35 గ్రాములు. 40 పలాలు ఒక వీశె. మా తాతగారి పచారీ కొట్టు తూనికరాళ్ళు ఇప్పటికీ మా అటకమీద ఉన్నాయి.

నన్ను బాధించిన సంగతి వేరు. మార్పుల చరిత్ర చూస్తే, యంత్రం "పలము" అని సరిగ్గానే చదివింది. దిద్దిన మనిషే, ఎవరో వత్తు మరిచిపోయారనుకొని, దాన్ని "ఫలము" చేశారు. రెండు నిమిషాలలోపే వారి మిత్రుడు ఆమోదముద్ర వేశారు. అప్పుడు పుటల లెక్కన బహుమతులిచ్చే పోటీ నడుస్తోంది. ఈ పోటీలు పెట్టినవారికి పుటల సంఖ్యే తప్ప అక్షరాలతో పనిలేదు.

అరసున్నలను, బండి ఱను చాదస్తమని తీసివేసేవారు మరొక రకం. "ఏఁడు" అంటే సంవత్సరం, "ఏడు" అంటే సంఖ్య. "ఏఱు" నది, "ఏరు" ఏరుకోవడం. ఇది చెబితే, "గిడుగువారు పనిచేసిన ఊళ్ళో ఉండి మీరే ఇలా అంటే ఎలాగండీ?" అని ఎత్తిపొడుస్తారు. గిడుగు రామమూర్తిగారు వాదించింది మనం రాసే భాష గురించి; ఇతరులు అచ్చువేసిన పుస్తకాన్ని మన వాడుకకు మార్చమని కాదు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మా వీధి పిల్లల్లో చాలామంది నేడు బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. పాత తెలుగు పుస్తకం వారికి దొరికేది ఫోనులోనే. అందులో "ఫలము" అని ఉంటే వారు ఫలమనే అనుకుంటారు. అడగడానికి ప్రతి ఇంట్లోనూ పెద్దమ్మ ఉండదు.

ఆ ఇద్దరూ ఆ వారంలో ఆకుపచ్చ చేసిన పుటలు 112. రోజూ రాత్రి భోజనమయ్యాక నాలుగేసి సరిచూస్తున్నాను. నిన్నటికి 37 అయ్యాయి; వాటిలో 9 పుటలను తిరిగి ఎరుపుకు దించాను.