బుడగ పేలుతుందా, చిట్లుతుందా?

సందేహం: స్థలాల ధరలు పడినప్పుడల్లా టీవీలో 'రియల్ ఎస్టేట్ బబుల్ బర్స్ట్ అయింది' అంటున్నారు. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? బుడగ అంటే చాలా, బుద్బుదం అనాలా? అది పేలుతుందా, చిట్లుతుందా? — కడప నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఊరి నడుమ పారే బుగ్గవంక పేరు ఎప్పుడైనా ఆలోచించారా? ఆ బుగ్గ చెంప కాదు, నీటి ఊట. నేలలోంచి నీరు ఉబికి వచ్చే చోటు బుగ్గ. తాడిపత్రిలో పెన్న ఒడ్డున వెలసిన బుగ్గ రామలింగేశ్వరుడికి ఆ పేరు లింగం దగ్గర ఊరే నీటివల్లే వచ్చింది. పక్కనున్న కన్నడంలోనూ ఊట 'బుగ్గె'యే. ఆ నీటిమీద తేలేది నీటిబుగ్గ. గాలి పూరిస్తే ఉబ్బే చెంప బుగ్గ. తెలంగాణలో జాతరకు వెళ్లిన పిల్లలు మారాం చేసి కొనిపించుకునేదీ బుగ్గే. కరెంటు దీపం వచ్చాక ఆ గాజుగోళానికీ జనం ఇదే పేరు పెట్టుకున్నారు. లోపల ఏదో నిండి పైకి ఉబ్బడం అనే ఒక్క భావం ఇన్ని వస్తువులను కలిపింది. ఇంత చక్కని మాటను ఇప్పుడు చెంపకే పరిమితం చేసి, మిగతావాటన్నిటికీ బబుల్, బల్బ్, బెలూన్ అంటున్నాం. ఇది నాకు బాధగా ఉంది.

ఇక బుడగ. ఇది బుద్బుదానికి వికృతి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. బుడిపె, బుడ్డ, మీ సీమలో వేరుశనగకు చెప్పే బుడ్డలు, అన్నీ ఉబ్బెత్తు వస్తువులే. బుడగ ఆ ఇంటి బిడ్డ అని నా నమ్మకం. బుద్బుదం నీటి చప్పుడును బట్టి పుట్టిన సంస్కృత పదం, మన 'బుడబుడ' లాగే. రెండు భాషలూ ఒకే చప్పుడు విన్నప్పుడు పోలిక రాక తప్పదు. జీవితం క్షణికమని చెప్పే పద్యంలో బుద్బుదం బాగుంటుంది, ధరల వార్తలో బరువవుతుంది.

ఇంగ్లీషులో బబుల్ అన్న చోటల్లా బుడగ అనక్కర్లేదు. గోడ రంగు ఉబ్బితే 'పొక్కింది' అనండి. 'వాడు తన బబుల్‌లో ఉంటాడు' అనేకంటే 'తన లోకంలో తానుంటాడు' అంటే హాయిగా ఉంటుంది. క్రికెటర్లను బయటివాళ్లతో కలవనీయకుండా ఉంచిన బయో బబుల్ కరోనాతో వచ్చి పోయింది, దాన్ని అలాగే వదిలేయవచ్చు.

ధరల బుడగ మన ఊహ కాదు. 1720లో లండన్‌లో సౌత్ సీ కంపెనీ వాటాలు ఆకాశానికెక్కి కూలిన నాటి నుంచి ఇంగ్లీషువాళ్లకు అలవాటైన పోలిక. అయినా మనకు అతికింది, ఉంచుకుందాం. క్రియ దగ్గరే జాగ్రత్త కావాలి. పేలడానికి చప్పుడుండాలి. టపాకాయ పేలుతుంది, జాతర బుగ్గా పేలుతుంది. నీటిబుడగ చడీచప్పుడు లేకుండా చిట్లుతుంది. ధరలు మెల్లగా జారితే 'బుడగ చిట్లింది' అనడమే నాకిష్టం. ఒక్కరోజులో కుప్పకూలి ఊరంతా గగ్గోలైతే 'పేలింది' అన్నా తప్పు పట్టను. 'బర్స్ట్ అయింది' మాత్రం వద్దు.