‘సరే’ అంటే పని అయిపోయినట్టు కాదు

బుజ్జీ,

మొన్న పొద్దున నువ్వు ఫోన్లో గోడు వెళ్ళబోసుకుంటుంటే నేనేమీ మాట్లాడలేదు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషికి కావలసింది నిద్ర, సలహాలు కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

“నేను చెప్తూనే ఉన్నా పెదనాన్నా, వాళ్ళు సరే మేడమ్ అంటూనే ఉన్నారు, పని మాత్రం అవ్వట్లేదు” అన్నావు. నువ్వు షిఫ్ట్ చూసుకునే మందుల ప్యాకింగ్ లైను గురించి నాకు తెలిసింది సున్నా. కానీ ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేశాను, అందులో సగం పైన కాజీపేట–బల్లార్షా లైన్లోనే. మా ఉద్యోగమంతా చెప్పడం, వినడం, రాయడం. కాబట్టి ఆ ‘సరే’ గురించి నాకు కొంచెం తెలుసు.

మన వాళ్ళు సరే అంటే వినబడింది అని అర్థం కావచ్చు, చేస్తాను అని కావచ్చు. ఎక్కువ సార్లు మాత్రం ‘ఇంక మీరు వెళ్ళండి’ అని. ఇంటర్‌లాకింగ్ లేని, అంటే సిగ్నల్‌తో ముడిపడని, రైల్వే గేటుకి ఫోన్ చేసి “గేటు వేశావా?” అంటే “వేస్తున్నా సార్” అని జవాబొచ్చేది. వేస్తున్నా అంటే మనిషి ఇంకా మంచం మీదే ఉన్నాడని. అందుకే రైల్వేలో ప్రైవేట్ నంబర్ అని ఒకటి పెట్టారు. గేట్‌మన్ దగ్గర రెండంకెల నంబర్లు వరస లేకుండా అచ్చేసిన షీటు ఉంటుంది. గేటు వేసి, తాళం పెట్టి, అప్పుడు ఆ షీటులోంచి ఒక నంబరు చెప్పాలి. “ఫార్టీ టూ, ఫోర్ టూ.” నేను దాన్ని మళ్ళీ చదివి వినిపించి, రాసుకోవాలి. వాడిన నంబరు కొట్టెయ్యాలి, రెండోసారి పనికిరాదు. ఆ నంబరు వచ్చిందంటే విన్నాడని కాదు, చేశాడని. అది రాకుండా సిగ్నల్ ఇవ్వను.

నువ్వు షీట్లు అచ్చేయించనక్కర్లేదు. “అర్థమైందా?” అని అడగడం మానెయ్, చాలు. ఆ ప్రశ్నకి లోకంలో అందరూ అర్థమైందనే చెప్తారు. “ముందు ఏం చేస్తావు?” అని అడుగు. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలున్నారన్నావు కదా, వాళ్ళను హిందీలోనే అడుగు, నీ హిందీకి వాళ్ళు నవ్వినా పర్లేదు. వాళ్ళ నోటితో చెప్పించుకుంటే ఎక్కడ తేడా కొట్టిందో అక్కడే తెలుస్తుంది. పని అయ్యాక కూడా “అయింది” అంటే ఊరుకోకు. ఫాయిల్ రోల్ మార్చానంటే కొత్త రోల్ మీద లాట్ నంబరు ఎంతో చెప్పమను. రోల్ దగ్గరికి వెళ్ళకుండా ఆ నంబరు చెప్పలేడు.

మీ దగ్గర కూడా లైన్ క్లియరెన్స్ అంటారని నువ్వన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పాత బ్యాచ్ తాలూకు ఒక్క కార్టన్ కూడా మిగల్లేదని క్వాలిటీ వాళ్ళు చూసి సంతకం పెడితేనే కొత్త బ్యాచ్ మొదలవుతుందట. మాదీ అంతే. ముందున్న సెక్షన్, అంటే పక్క స్టేషన్ దాకా ఉన్న లైను, ఖాళీ అని పక్క స్టేషన్ ఒప్పుకుంటేనే బండి కదులుతుంది. కానీ బండి వచ్చి నిలబడ్డాక లైన్ క్లియర్ అడిగేవాణ్ని మేం మాస్టర్ అనుకోం. బొగ్గు లోడుతో వస్తున్న గూడ్సు డ్రైవరుకి దూరం నుంచి పసుపు కనబడితే వేగం తగ్గించేస్తాడు. ఎర్ర దీపం దగ్గర ఆగిందా, మళ్ళీ అంత బరువు కదిలి ఊపందుకోవడానికి బోలెడు టైమ్ పడుతుంది. వెనకాల వచ్చేవన్నీ ఆగుతాయి. అందుకని ముందే అడిగి, సిగ్నల్ పచ్చ చేసి పెట్టుకుంటాం. మీ లైను బ్యాచ్ బ్యాచ్‌కీ అరగంట ఊరికే ఆగుతోందన్నావే, క్వాలిటీ వాళ్ళకి కబురు ఎప్పుడు వెళ్తోంది? అంతా తుడిచాకనా? పాత బ్యాచ్ చివరి డబ్బాలు పోతుండగానే ఇంటర్‌కామ్‌లో చెప్పి చూడు. ఆ అరగంటలో సగం అక్కడే దొరుకుతుందని నా అంచనా.

ఇంక షిఫ్ట్ మారేటప్పటి సంగతి. ఇది నా సొంత తప్పు, మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఒక రాత్రి, బండిని మెయిన్ లైన్లోంచి పక్కనున్న లూప్ లైన్లోకి మళ్ళించే పాయింట్ మొరాయించింది, మూడోసారికి గానీ సెట్ కాలేదు. మెయింటెయినరుకి కబురు పెట్టి, దిగిపోతూ నా తరవాత వచ్చిన మాస్టరుతో “పాయింట్ చెప్పాను, చూస్తారు” అన్నాను. రిజిస్టర్‌లో రాయలేదు. నిద్ర ముంచుకొస్తోంది, బస్సు టైమైంది. ఆయన టీ తాగుతూ తలూపాడు. ‘చూస్తారు’ అన్నది ఆయనకి ‘చూశారు’ అని వినబడింది. గూడ్సుని లూప్‌లోకి తీసుకోబోతే పాయింట్ పడలేదు, దాని వెనక ప్యాసింజరు నలభై నిమిషాలు ఆగింది. ప్రమాదమేమీ లేదు గానీ ఎక్స్‌ప్లనేషన్ రాయాల్సింది నేనే. ఒక్క అక్షరం తేడా, చూడు.

అప్పట్నుంచీ చార్జ్ ఇచ్చేటప్పుడు నిలబడి, డైరీ తెరిచి, అయినవి కాదు, అవ్వనివి ముందు చెప్పేవాణ్ని. మీ లాగ్‌బుక్‌లో కూడా అయిన పనుల చిట్టా బారెడు ఉంటుంది. సగంలో ఉన్నదేంటి, ఎవరికి చెప్పారు, ఎన్నింటికి చెప్పారు అన్నది ఉండదు. ముందు అది రాయించు. పది నిమిషాలు ముందు రమ్మంటే ఆపరేటర్లు సణుగుతారు. సణగనీ.

పై వాళ్ళ వాట్సాప్ గ్రూపుల గురించి నేను చెప్పేదేమీ లేదు. నిద్ర లేచాక చూసుకో.

ఒకటి మర్చిపోయాను. కార్టన్ మీద ఎక్స్‌పైరీ తేదీ సరిగా పడట్లేదని ఒకమ్మాయి లైన్ ఆపితే నువ్వు అరిచానన్నావు. చలికాలం తెల్లవారుజామున రైలు పట్టా విరిగిందని చెప్పడానికి కీమన్, అంటే పట్టాలు చూసుకుంటూ నడిచే మనిషి, పరిగెత్తుకుంటూ వస్తే, బళ్ళు ఆపాక, మేం ముందు టీ పోయించేవాళ్ళం. వాడి మీద అరిస్తే మర్నాడు చూసి కూడా చూడనట్టు పోతాడు. రేపు వెళ్ళగానే ఆ అమ్మాయిని పలకరించు, మిగతావాళ్ళ ముందే.

పండక్కి వచ్చినప్పుడు మీ లాగ్‌బుక్ పేజీ ఎలా ఉంటుందో చూపించు. లోపలికి ఫోన్ రానివ్వరు కదా, ఫోటో వద్దులే, కాగితం మీద గీసి తీసుకురా. గళ్ళు ఎక్కడ పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న