పల్లేరు కషాయం తాగితే మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మూత్రంలో మంట రావడం ఈ ఏడాది ఇది మూడోసారి. డాక్టరు యాంటీబయాటిక్ రాశారు. మా అత్తగారేమో “పల్లేరు కాయల కషాయం తాగు, మాత్రలెందుకు?” అంటున్నారు. ఏం చేయను? మావారి కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి ఉంది. ఆయనకు కొండపిండి ఆకు ఇవ్వొచ్చా?

జవాబు: మాత్రలు మానొద్దమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ టెన్షన్ ఉండదు. మూత్రంలో మంట తెచ్చే ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ.కోలై బ్యాక్టీరియా వల్ల వచ్చేవే. కషాయం దాన్ని చంపుతుందని, ఆయుర్వేదం చదువుకున్న నేనే చెప్పలేను. మూడోసారి అంటున్నారు కాబట్టి యూరిన్ కల్చర్ చేయించారా అని డాక్టరుని అడగండి. ఏ మందుకు లొంగుతుందో అందులో తెలుస్తుంది.

అలాగని మీ అత్తగారి మాట తీసిపారేసేదేమీ కాదు. పల్లేరును మేం గోక్షురం అంటాం. మూత్రం సాఫీగా రావడానికి తరతరాలుగా వాడుతున్నదే. ఎండిన కాయల్ని కచ్చాపచ్చాగా దంచి, నీళ్లు నాలుగో వంతుకు దిగేదాకా మరిగిస్తారు. జల్లెడ చాలదు, గుడ్డలో వడకట్టాలి. లేకపోతే ముల్లు విరిగి గొంతులో గుచ్చుకుంటుంది! మంట తగ్గాక, డాక్టరుకి చెప్పి తాగండి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

కషాయాల సంగతి అలా ఉంచితే, ఉత్త నీళ్లకే గట్టి రుజువుంది. తక్కువ నీళ్లు తాగే అలవాటుండి, మాటిమాటికీ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలతో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోజుకు లీటరున్నర అదనంగా తాగినవాళ్లకు అది దాదాపు సగానికి తగ్గింది. క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండు కూడా మళ్లీ రాకుండా కొంత కాపాడుతుంది గానీ, వచ్చినదాన్ని నయం చేయదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు క్రాన్‌బెర్రీ జోలికి వెళ్లకపోవడమే మంచిది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు కనిపిస్తే మాత్రం ఏ చిట్కా కోసమూ ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీవారి సంగతి. 4 మిల్లీమీటర్ల రాయి చాలామందిలో దానంతటదే పడిపోతుంది, పేరు కొండపిండికి వస్తుంది! కిడ్నీ పనితీరు బాగుంటే, డాక్టరు సరేనంటే ఇవ్వండి. నొప్పి ఆగిపోయింది కదా, రాయి పోయిందనుకోవద్దు. నొప్పి లేకుండానే అది మూత్రనాళానికి అడ్డుపడి ఉండొచ్చు. మళ్లీ స్కాన్ తీయించండి.