రెండే టైర్లు కొంటే ఏ చక్రాలకు వేయాలి?

ప్రశ్న: నా కారు కొని ఐదేళ్లయింది. 185/65 ఆర్15 88హెచ్ టైర్లు 46 వేల కిలోమీటర్లు నడిచాయి. వారానికొకసారి కర్నూలు మీదుగా హైదరాబాదుకూ, నెలకు రెండుసార్లు నల్లమల ఘాట్ రోడ్డులో గిద్దలూరుకూ వెళ్తుంటాను. ముందు టైర్లు బాగా అరిగాయి. రెండు కొత్తవి ముందు చక్రాలకు వేసుకోమనీ, కాస్త వెడల్పువైతే పట్టు పెరుగుతుందనీ దుకాణంలో చెబుతున్నారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: రెండే కొనేటట్లయితే కొత్తవాటిని వెనక చక్రాలకు వేయించి, ఇప్పుడు వెనక ఉన్నవాటిని ముందుకు మార్పించండి. ఇంజను బలం, స్టీరింగు, బ్రేకు భారంలో ఎక్కువ పాలు ముందు చక్రాల మీదే పడే కార్లలో ముందు టైర్లు త్వరగా అరుగుతాయి గనుక కొత్తవి అక్కడే ఉండాలని అనిపించడం సహజమే. నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని కొత్తవి ముందు వేయించాను. ఆ వానకాలంలోనే ఒక ఘాట్ మలుపులో ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుని ఉండగా వెనక భాగం పక్కకు జారి, కారు సగం తిరిగి ఆగింది. ఎదురుగా బండి రాలేదు గనుక బతికి బయటపడ్డాను. ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి దారికి తెచ్చుకునే వీలు కొంతైనా ఉంటుంది గానీ, వెనకవి జారితే మనలాంటి మామూలు డ్రైవరుకు ఆ వ్యవధి దొరకదు. అయితే వెనక టైర్ల గాడుల లోతు ఎంతుందో ముందుగా కొలిపించండి. గాడుల మధ్య ఉండే చిన్న గట్లు 1.6 మిల్లీమీటర్ల హద్దును చూపుతాయి. అరుగుదల వాటి దగ్గరికి వచ్చి ఉంటే నాలుగూ మార్చడమే మంచిది.

వెడల్పు పెంచమని నేను చెప్పను. 195/65 (అంటే 195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం పక్క భాగం ఎత్తు) వేస్తే చక్రం వ్యాసం 13 మిల్లీమీటర్లు పెరిగి, అదే వేగంలో వెళ్తున్నా స్పీడోమీటరు ఇప్పటికంటే తక్కువ చూపుతుంది. పైగా నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు త్వరగా నీటిపైకి తేలుతుంది. మీ టైరు మీది 88 అంకెకు అర్థం ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని. హెచ్ అక్షరం గంటకు 210 కిలోమీటర్ల వేగానికి గుర్తు. ఈ రెండింటికీ తగ్గినవి ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

మీ ఎండలకు తారు రోడ్డు కాలిపోతుంటే, గాలి తక్కువున్న టైరు పక్క భాగం తిరిగినప్పుడల్లా మడతపడి లోపల్లోపలే వేడెక్కి హైవే వేగంలో పగిలే ప్రమాదం ఉంది. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కనున్న పట్టీలో చూసుకుని, తెల్లవారుజామున బండి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. దారిలో వేడికి పెరిగిన గాలిని తీసేయకూడదు.

కొనేముందు టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు తప్పక చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందన్న మాట. ఒక దుకాణంలో నాకు మూడేళ్లనాటి సరుకు కొత్తదిగా అమ్మారు. రెండో వేసవికే పక్కల్లో సన్నని పగుళ్లు కనిపించాయి. ఆ అంకెలు బయటివైపు లేకపోతే టైరును తిప్పి రెండో పక్క కూడా చూపించమనండి, బిగించాక కాదు, బిగించకముందే. అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించి, స్టెప్నీ మీది అంకెలు కూడా చూసుకోండి.