అక్క మోకాలి ఆపరేషన్‌కు కార్డు తీసుకునే ముందు

నల్లగొండ,
12 అక్టోబరు 2025

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నవంబరులో అక్కకు మోకాలి కీలు మార్పిడి చేయించాలని అనుకుంటున్నట్లు, హైదరాబాదు ఆస్పత్రివారు రెండు లక్షల ముప్పై వేలు అవుతుందని చెప్పినట్లు రాశావు. ఆ ఖర్చుకు ఏ క్రెడిట్ కార్డు మంచిదని అడిగావు. కార్డు పేరు నేను చెప్పను. ఆ బాకీ తీర్చే డబ్బు ఎక్కడి నుంచి, ఏ నెలలో వస్తుందో ముందు కాగితం మీద రాసుకుంటే, కార్డు ఎంచుకోవడం దానంతట అదే తేలికవుతుంది.

అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. అక్కాబావల రేషన్ కార్డు తీసుకుని వెళ్లి, ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి, ఈ చికిత్స ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందో లేదో, ఆ ఆస్పత్రికి అందులో అనుమతి ఉందో లేదో అడుగు. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాలలో మన పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా ప్రైవేటు ఆస్పత్రి గడప తొక్కగానే అది మనకు వర్తించదని తామే తీర్మానించుకుని అప్పుకు పరుగెత్తేవారిని నేను చాలామందిని చూశాను. లేదన్న జవాబు వస్తేనే ఈ ఉత్తరంలోని మిగతా భాగం నీకు పనికివస్తుంది.

కార్డు మీద మిత్తి ఎంతో మన ఊరి లెక్కలో చెబుతాను. ఊళ్లో చేబదులుకు రెండు రూపాయల మిత్తి అంటేనే బావ ముఖం చిట్లిస్తాడు గదా! బిల్లు పూర్తిగా కట్టని నెల నుంచి చాలా కార్డులు నూటికి నెలకు మూడున్నర రూపాయలు, అంతకు పైన కూడా వేస్తాయి, ఆ మిత్తి మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఏడాదికి 30 శాతానికి మించకూడదని వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది కనుక, ఆ అడ్డు కూడా ఇప్పుడు లేదు. లక్ష రూపాయల బాకీకి నెలకు మిత్తి 3,500, పన్ను 630, వెరసి 4,130 రూపాయలు. బిల్లు మీద కనిపించే కనీస మొత్తం అయిదు వేలు కట్టి ఊపిరి పీల్చుకుంటే, అసలులో తగ్గేది 870 రూపాయలే.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. 2018లో మీ అత్తమ్మకు పిత్తాశయం ఆపరేషన్ జరిగినప్పుడు, మెడికల్ రీయింబర్స్‌మెంట్ రెండు నెలల్లో వస్తుందన్న ధీమాతో ఎనభై వేలు కార్డు మీద గీయించాను. ఫైలు ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరిగి తొమ్మిది నెలలు తీసుకుంది. ఆ తొమ్మిది నెలలూ కనీస మొత్తమే కడుతూ వచ్చాను. ముప్పై అయిదు వేలకు పైగా కట్టినా అసలులో తగ్గింది ఏడు వేల చిల్లర మాత్రమే. ముప్పై ఏళ్లు పిల్లలకు చక్రవడ్డీ లెక్కలు చెప్పినవాడిని!

ఇక నీ లెక్కకు వస్తాను. నీ రాతను బట్టి ఇందులో మూడు రకాల డబ్బు ఉంది: కంపెనీ బీమా నుంచి తిరిగి వచ్చే లక్ష, జనవరికి పత్తి అమ్మితే వచ్చే ఎనభై వేలు, నీ జీతంలోంచి మెల్లగా తీర్చుకోవలసిన యాభై వేలు.

బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రికి మారగలిగితే ఆ లక్ష నగదు రహితంగానే సరిపోతుంది, కార్డు బరువు దాదాపు సగం తగ్గుతుంది. డాక్టరు మీద గురి వల్ల మారలేమంటే ఆ లక్ష కార్డు మీద పెట్టు, కానీ గడువు తేదీకి బీమా సొమ్ము రాకపోతే ఏం చేస్తావో ఇప్పుడే నిర్ణయించుకో. ఇక్కడ బిల్లు తయారయ్యే తేదీ కీలకం. బిల్లు 5వ తేదీన తయారై 25న కట్టవలసిన కార్డయితే, 6వ తేదీన గీసిన మొత్తానికి దాదాపు యాభై రోజుల వ్యవధి దొరుకుతుంది. 4న గీస్తే మూడు వారాలే. మోకాలి ఆపరేషన్ అత్యవసరం కాదు కనుక తేదీ నీ చేతిలోనే ఉంది. బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వీలు కార్డుదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది.

పత్తి డబ్బు కోసం కార్డు వద్దు. నవంబరులో గీసి జనవరి చివరిదాకా ఆగితే గడువు దాటిపోతుంది. అక్క గాజులు బ్యాంకులో కుదువ పెట్టి, పత్తి అమ్మగానే విడిపించుకోవడం ఎంతో చవక. ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు, ఆ మాట నేనే మాట్లాడతాను.

మిగిలిన యాభై వేలకే ఈఎంఐ. ఏడాదికి 15 శాతం చొప్పున ఆరు నెలలకు పెట్టుకుంటే నెలకు సుమారు 8,700 పడుతుంది. ప్రాసెసింగ్ రుసుము ఒక శాతమైతే దానితో, పన్నులతో కలిపి అదనంగా పోయేది మూడు వేల రెండు వందల దాకా. కార్డు ఎంచుకునేటప్పుడు ఈ ఈఎంఐ రేటు, రుసుము, ముందుగా తీర్చేస్తే వేసే అపరాధ రుసుము, ఈ మూడూ అడిగి రాసుకో. విమానాశ్రయం లాంజీలు, పాయింట్లు చెప్పేవాడి మాట వినకు. మిర్యాలగూడ నుంచి మనం ఎక్కేది బస్సే.

నీ పాత కార్డు పరిమితి అరవై వేలే కనుక ముందు దానినే పెంచమని అడుగు. కాదంటే ఒకే ఒక్క బ్యాంకుకు దరఖాస్తు పెట్టు. నాలుగు చోట్ల పెడితే, అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఏటీఎంలో ఆ కార్డుతో నగదు మాత్రం తీయకు, దానికి గడువు లేదు, తీసిన రోజు నుంచే మిత్తి నడుస్తుంది. మందుల దుకాణంలో చిన్న చిన్న మొత్తాలకు యూపీఐకి జోడించిన రూపే క్రెడిట్ కార్డు చాలు. కార్డు గీస్తే రెండు శాతం అదనమని బిల్లు కౌంటరులో అంటే, అడ్మిషన్‌కు ముందే తేల్చుకో. డిశ్చార్జి రోజున వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆరోగ్యమిత్ర ఏమన్నాడో, నీ కార్డు బిల్లు తేదీ ఏదో తెలియగానే ఫోన్ చెయ్యి. గాజుల సంగతి మాట్లాడడానికి వచ్చే ఆదివారం నేను ఊరికి వస్తున్నానని అక్కకు చెప్పు, కారణం మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ మేనమామ