కలిసేవీ, కలవనివీ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఐదుగురు కోడ్ రాస్తున్నారు, దాని మాన్యువల్ నువ్వు రాస్తున్నావు. అన్నీ ఒకేచోట ఉంచడానికి గిట్ తీసుకోవాలా, సబ్‌వర్షన్ తీసుకోవాలా అని అడిగావు. రెండూ ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్లే. ఆ పేర్లను కాసేపు పక్కన పెట్టి మీ ఫైళ్లు తెరిచి చూడు. ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి మారిస్తే ఆ రెండు మార్పులూ కలుస్తాయా? నేనైతే ముందు ఇదే అడుగుతాను.

కోడ్, మామూలు టెక్స్ట్ కలుస్తాయి. పక్కపక్కన లేని వేర్వేరు వరుసలు మారితే గిట్ తానే కలుపుతుంది. ఒకే వరుసను ఇద్దరూ వేర్వేరుగా మారిస్తే ఆగి మనల్ని అడుగుతుంది. బొమ్మలు, వీడియోలు అలా కలవవు. ఒకసారి నేను రెండు రోజులు గీసిన చిత్రాన్నే సహచరుడు కూడా మార్చాడు. రెండు ప్రతులూ చరిత్రలో భద్రంగానే ఉన్నాయి, కానీ వాటిని ఒకటిగా చేసే దారి లేదు. మళ్లీ మొదటి నుంచి గీశాను. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది.

సబ్‌వర్షన్‌లో అలాంటి ఫైలుకు తాళం వేసుకోవచ్చు. అది తీసేదాకా ఇంకెవరూ తమ మార్పును సర్వర్‌కు పంపలేరు. ఏ ఫోల్డర్‌ను ఎవరు చూడవచ్చో కూడా నిర్ణయించవచ్చు. బొమ్మలే ఎక్కువగా ఉండే పనికి దాన్ని పాతదని తోసిపుచ్చకు.

గిట్ పుట్టుక వేరు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌ను రాసే బృందం వాడుతున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే ఉచితంగా దొరకకుండా పోవడంతో 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాయడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ల కోసం చేసింది కాబట్టి మామూలుగా క్లోన్ చేస్తే, అంటే సర్వర్ నుంచి ప్రతి తెచ్చుకుంటే, చరిత్ర మొత్తం ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోకీ వస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా కమిట్ చేయవచ్చు, అంటే మార్పును చరిత్రలో నమోదు చేయవచ్చు. దాని బరువూ అక్కడే ఉంది: పెద్ద వీడియోను చేర్చి మర్నాడే తొలగించినా అది చరిత్రలో ఉండిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లంతా మోయాలి. పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ అనే అనుబంధం ఆ భారాన్ని తగ్గిస్తుంది.

గిట్ లాంటిదే మెర్క్యూరియల్ అని ఇంకొకటి ఉంది. దాన్ని నేర్చుకోవడం సులువు, నాకు ఇష్టం కూడా. కానీ ఇలాంటి ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే బిట్‌బకెట్ సైతం 2020లో దాన్ని వదిలేసింది. కొత్త బృందానికి చెప్పలేను.

మీ పనిలో ఎక్కువ భాగం టెక్స్టే కాబట్టి గిట్ తీసుకోండి. మాన్యువల్‌ను వర్డ్ ఫైలుగా కాక సాదా టెక్స్ట్‌గా, వాక్యానికో వరుస చొప్పున రాయి. పేరా అంతా ఒకే వరుసగా ఉంటే చిన్న సవరణలు కూడా ఢీకొంటాయి. ముందుగా ఒక నమూనా ప్రతిలో ఇద్దరు కావాలనే ఒకే వాక్యాన్ని మార్చండి. దాన్ని కలిపే పని మీలో అందరికంటే అనుభవం ఉన్నవారికి ఇవ్వకు, నువ్వే చెయ్యి. ఎక్కడ ఆగిపోయావో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన